కృష్ణబిలాన్ని తీసేసి చూపించిన మేడమ్

మా లెక్కల మేడమ్ ఇక లేరని మొన్న పొద్దున్న ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే ఫిల్మ్‌నగర్‌లో మా గ్రాఫిక్స్ స్టూడియో తలుపు తీస్తున్నాను. లోపలికెళ్ళి కూర్చున్నాను. ఏడుపొస్తుందనుకుంటే, ఆవిడ గొంతులోని హుషారు చెవుల్లో మోగడం మొదలైంది. మీకు చెప్పాలనిపిస్తున్నది ఆ హుషారు గురించే.

డిగ్రీలో ఆవిడ మాకు సంకీర్ణ సంఖ్యలు చెప్పేవారు. కొంగుకి ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. ఒక సంఖ్యను దానితోనే హెచ్చించి, ఇంకో సంఖ్య కలిపి, వచ్చిన జవాబును మళ్ళీ అదే సూత్రంలో పెట్టాలి. ఇంతే పని. "జవాబొచ్చేసిందని పెన్నుకి మూత పెట్టేయకండమ్మా, అసలు సరదా ఇప్పుడే మొదలు," అనేవారు. ఒక్కో సంఖ్యనూ కాగితం మీద ఒక బిందువు అనుకుంటే, అలా పెడుతూ పోయేకొద్దీ కొన్ని బిందువులు అనంతంలోకి పారిపోతాయి, కొన్ని ఎంతసేపైనా దగ్గర్లోనే తచ్చాడతాయి. ఓ రోజు ఆ రెండు రకాలకూ వేరువేరు రంగులు వేసి కంప్యూటర్ తెర మీద చూపించారు. సరిహద్దును ఎంత పెద్దది చేసి చూసినా కొత్త వంకీలు, కొత్త మొగ్గలు! క్లాసంతా లేచి నిలబడింది. నేను గ్రాఫిక్స్‌లోకి వచ్చింది ఆ రంగుల వల్లే.

ఏళ్ళ తర్వాత మా స్టూడియోకి ఒక సినిమా వచ్చింది. అందులో గెలాక్సీ నడుమ కృష్ణబిలం చూపించాలి. నక్షత్రాలన్నీ సుడి తిరుగుతూ అందులో పడిపోతున్నట్టు చేశాం. డైరెక్టర్ గారు మురిసిపోయారు. నాకే ఎక్కడో అనుమానం. శ్రీనగర్ కాలనీలో మేడమ్ ఇంటికెళ్ళి ఆవిడని వెంటబెట్టుకొచ్చాను.

"ఇదేంటమ్మా, సింకులో నీళ్ళు పోతున్నట్టుంది?" అన్నారు మేడమ్, తెర చూస్తూనే.

డైరెక్టర్ గారి మొహం మాడిపోయింది. "బ్లాక్ హోల్ అంటే అన్నింటిని గుంజుకుంటది గదా మేడమ్? ఇప్పుడు మార్చుకుంట కూసుంటే రిలీజ్ సంగతేంది?"

"మరీ దగ్గరికెళ్తేనే గుంజుకుంటుందండీ. దూరంగా ఉన్న నక్షత్రం తన దారిన తను తిరుగుతూనే ఉంటుంది. నా మాట నమ్మొద్దు, లెక్క వేసి చూద్దాం."

నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సూత్రాలు చెప్పారు. ఒక్కో నక్షత్రాన్నీ మిగతా నక్షత్రాలూ కృష్ణబిలమూ కలిసి ఎంత లాగుతాయో లెక్కకట్టి, దాన్ని కాస్త జరిపి, ఆ కొత్త చోటు నుంచి మళ్ళీ అదే లెక్క. సాయంత్రానికల్లా తెర మీద గెలాక్సీ మెల్లగా తిరగసాగింది. కృష్ణబిలానికి కాస్త దగ్గర్లో ఉన్న నక్షత్రాలైతే కంటికి అందనంత వేగంగా తిరుగుతున్నాయి.

"ఇప్పుడు కృష్ణబిలం తీసెయ్," అన్నారు మేడమ్.

తీసేశాను. నడుమ ఉన్న నక్షత్రాలు చెదిరి తలో దిక్కుకీ దూసుకుపోయాయి. అంచుల్లో ఉన్నవి మాత్రం ఏమీ జరగనట్టే తిరుగుతున్నాయి! గెలాక్సీ మొత్తం బరువు ముందు కృష్ణబిలం బరువు పిసరంతే మరి.

డైరెక్టర్ గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "అరె, గిదే గావాలె నాకు! జర మళ్ల పెట్టు!"

మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మేడమ్ కూడా లేచి చప్పట్లు కొడుతున్నారు.

నిర్మాత కోప్పడ్డారు. డైరెక్టర్ గారే నచ్చజెప్పి విడుదలను వెనక్కి జరిపించారు. ఆ సీనంతా మళ్ళీ చేశాం. అంత ఇష్టంగా నేను ఇంకే పనీ చెయ్యలేదు.

జూబ్లీహిల్స్‌లో ప్రివ్యూ వేసిన రోజు ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. గెలాక్సీ తెరంతా నిండగానే ఉండబట్టలేక, "ఎలా ఉంది మేడమ్?" అన్నాను.

"ఆగమ్మా, అదిగో, ఆ అంచున ఉన్న నక్షత్రాన్ని ఒక చుట్టు తిరిగి రానీ," అన్నారు. తెర వెలుగులో ఆవిడ చూపుడువేలు దాని వెంటే, గాల్లో, మెల్లగా గుండ్రంగా కదులుతోంది.