బాపును చూసి లేచి నిలబడ్డారు

నా డిగ్రీ పూర్తయిన ఏడాది మాట. మిల్లులో టైమ్‌కీపర్‌గా చేసే మా బాపు అప్పుడే రిటైరయ్యాడు. ఇల్లు నడవాలంటే ఇక నాకు ఉద్యోగం రావాలి. లాల్‌దర్వాజా నుంచి ఇంటర్వ్యూకు బాపే తీసుకెళ్లి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను అంతవరకు ఇంగ్లీషు చదవడమే గాని ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

లోపల ముగ్గురు ఆఫీసర్లు. మీ నాన్నగారేం చేస్తారని పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు. 'ఈజ్' అనాలా, 'వాజ్' అనాలా అని ఆలోచించాను. రిటైరయ్యాడు గనుక, "మై ఫాదర్ వాజ్ ఎ టైమ్‌కీపర్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "వెరీ సారీ. ఎప్పుడు?"

"రెండు నెలలైంది సార్."

"ఏమైంది?"

"వయసైపోయింది సార్."

ముగ్గురూ తలలు దించుకున్నారు. రిటైర్మెంటుకు ఇంత బాధపడే ఆఫీసర్లుంటారని నాకు తెలియదు.

అంతలో తలుపు తోసుకొని బాపు వచ్చాడు. "సాబ్, బిడ్డ పొద్దుగాల్నుంచి ఏం తినలే. ఇంకా మస్తు టైమ్ పడ్తదా?"

"మీరెవరు?"

"పిల్ల తండ్రిని సాబ్."

ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. బతికున్న తండ్రిని నేనేం చేశానో అప్పుడర్థమైంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాపు అడిగాడు. "మిల్లుల ఒక్క సాబ్ గూడ నాకోసం లేవలే. నా గురించి ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మంచిగనే చెప్పిన బాపూ."

ఉద్యోగం వచ్చింది. అది తన పరపతేనని బాపు గల్లీలో అందరికీ చెప్తుంటాడు. నేను కాదనను. ఆయన సంగతి ఎవరడిగినా మాత్రం 'ఈజ్' అనే మొదలుపెడతాను.