నూరో నెంబరు నూలు

మా నాయన సూదికి భయపడడు. రక్తానికి భయపడతాడు, అదీ తన ఒంటి కోసం కాదు, పడుగు కోసం. గుడియాత్తంలో ఆయన మగ్గం మీద తెల్ల లుంగీ నడుస్తుండగా, షుగరు చూసుకున్న వేలి నుంచి చుక్క రాలి మరక పడింది. అంతే, షుగరు మిషను బీరువా ఎక్కింది. బతిమాలాను, అలిగాను, అరిచాను. చివరికి ఒక మెలిక పెట్టాడు.

"నువ్వు చేసే మిషను పనిచేసిన పొద్దు చెప్పు. ఆ పొద్దు వేలిస్తా."

వేలూరులో ఒక కాలేజీ ల్యాబులో నా పని అదే మరి. కంటికి ఆననంత సన్నని బంగారు తీగల మీద చక్కెరను గుర్తుపట్టే ఎంజైమును అంటించాలి. అది చక్కెరను తాకితే తీగలో కాస్త కరెంటు పుడుతుంది. తీగలు ఎంత సన్నవైతే ఎంజైముకు అంత చోటు, అంత చిన్న రక్తపు చుక్క చాలు. ఇదంతా విని నాయన అడిగింది ఒకటే, ఆ జరీ పోగు ఏం నెంబరు అని. నూలుకు నెంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. నా తీగకు నెంబరు వేయాలంటే సున్నాలు చాలవన్నాను. ఆయన ముఖం చూడాలి! వారం పాటు వీధంతా అదే చెప్పుకున్నాడు.

తీగలు బాగానే ఉన్నాయి, ఎంజైమే నిలవలేదు. కడిగితే కొట్టుకుపోయేది. పోకూడదని పైన జిగురు దట్టంగా పూస్తే రీడింగే లేదు. రెండు నెలలు నాకూ ఆ జిగురుకూ మాటల్లేవు. ఒక ఆదివారం ఇంటికొచ్చి, కంచం ముందు ఏడుపు మొహంతో కూర్చున్నాను. నాయన అంతా విన్నాడు.

"నూలుకు గంజి ఒకేతూరి దట్టంగా పెడితే పోగూ పోగూ అతుక్కుంటాదమ్మా. ఇంగ చక్కెర యాడ దూరతాది? పల్చంగా పెట్టు, ఆరనీ, మళ్లా పెట్టు. ఇది కూడా కాలేజీలో చెప్పలేదా?"

నాకు ఒళ్లు మండింది. మంగళవారం అలాగే చేశాను. పల్చగా మూడుసార్లు పూసి, ఆరబెట్టి, చక్కెర నీళ్ల చుక్క వేశాను. స్క్రీను మీద గీత లేచింది. కడిగి చూశాను, మళ్లీ లేచింది! ల్యాబులో గెంతులేశాను, పక్క గదివాళ్లు తొంగి చూస్తే చూడనీ అనుకున్నాను. బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కావిడ కాస్త దూరం జరిగింది.

ఇంటికి చేరేసరికి నాయన మగ్గం దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. పనిచేసింది నాయనా అన్నాను. అది మన ఇంటికి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుందనీ, అందాకా బీరువాలో ఉన్నదే గతి అనీ భయం భయంగా చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు చాపాడు. అది పోగు ముట్టని వేలట.

వేలు గుచ్చి, పాత మిషను మీద అంకె చూడగానే నా గంతులన్నీ ఆగిపోయాయి. రెండు వందల అరవై.

"రెండు నూర్ల అరవై నెంబరా? అంత సన్న నూలు నా జన్మలో నెయ్యలేదే" అని ఆయన మురిసిపోయాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఇది పెరిగితే మంచిది కాదు నాయనా, నూరు దగ్గరికి దించాలి, రేపే డాక్టరు దగ్గరికి పోవాలి అన్నాను. ఆయన వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి తీశాడు.

"నూరో నెంబరంటే నాకు తెలిసిన నూలే" అన్నాడు. "పొద్దున ఎన్ని గంటలకు పోదాం?"