గుంట అంచున మా బావ

మా బావ పోయాడని పొద్దున్నే ఫోన్ వస్తే నేను నవ్వాను. మార్కాపురంలో అట్లాంటి దొంగ ఫోన్లు చేసేది నేనొక్కణ్ణే. నా ఆట నా మీదే తిప్పారనుకున్నాను.

"నవ్వబాక మామా, నిజంగానే పోయినాడు. నిద్రలోనే," అని ఆయన కొడుకు ఏడ్చాడు.

వరసకు బావ కాడు, పిలుపుకు బావ. ముప్పై ఏళ్లు లారీ తోలి, చివరికి ఒక పాత జీపు కొనుక్కున్నాడు. తెలియని బాట కనబడితే చాలు, అటు తిప్పేవాడు. "ఏ బాటైనా ఆఖరుకు మనుషుల కాడికే పోతది బామ్మర్దీ" అనేవాడు. లారీ ఎక్కకముందు వాళ్ల నాయనతో గొర్రెలు కాసినవాడు కదా, దారిలో మంద ఎదురైతే ఇంజిన్ ఆపేసి చివరి గొర్రె దాటేదాకా కూర్చునేవాడు. హారన్ మీద చెయ్యి పడేది కాదు.

పోయిన ఉగాదికి ముందు, టీ తాగొద్దామని బయల్దేరాం. దోర్నాల రోడ్డు నిండా శ్రీశైలం పోయే బండ్లే. ఆయన మట్టిబాటకు తిప్పాడు. పాత పలకల గనుల మధ్య మంద అడ్డమొచ్చింది. ఇంజిన్ ఆపాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతనైతే మీకీ కథ ఉండేది కాదు. చిరుత అరుపు నాకు బాగా వచ్చు, రంపంతో మొద్దు కోసినట్టుంటుంది. తల బయట పెట్టి అరిచాను.

మంద మొత్తం ఒక్కసారిగా పక్కకు పరిగెత్తింది. అటువైపే అడుగున నీళ్లున్న లోతైన గని గుంట.

"గుంట! నా జీవాలు! గుంట నాయనా!" కాపరి ముసలమ్మ కేక పెట్టింది.

బావ అప్పటికే జీపులోంచి దూకాడు. అడ్డంగా ఉరికి, గుంట అంచున మంద వైపు తిరిగి నిలబడ్డాడు. తువ్వాలు ఊపుతూ, వాళ్ల నాయన నేర్పిన కేకేదో వేశాడు. ముందున్న పొట్టేలు ఆయన మోకాళ్లను గుద్దింది. ఆయన వెనక్కి ఊగాడు. మడమల కింద నుంచి పలకముక్కలు జారి నీళ్లలో పడిన చప్పుడు జీపులోకి వినబడింది. నా చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. తియ్యలేకపోయాను.

మంద తిరిగింది.

"ఏందయ్యా ఆ అరుపు?" అంది ముసలమ్మ, ఆయాసపడుతూ.

"జీపు సైలెన్సర్ లేమ్మా, పాతది," అన్నాడు బావ.

పెద్దారవీడు ఊరు దాకా తిట్లకు కాచుకుని కూర్చున్నాను. టీ కొట్టు దగ్గర ఆపి అన్నాడు: "బెదిరించేది ఎవునికైనా వస్తది బామ్మర్దీ. నువ్వు నవ్వించు." అప్పుడు చూశాను, ఆయన చెప్పుల మడమలకు ఇంకా పలకపొడి అంటుకుని ఉంది.

మొన్న బావ పెద్దదినం కర్మ అయ్యాక ఒక్కణ్ణే ఆ బాటన పోయాను. ముసలమ్మ అక్కడే మేపుకుంటోంది. ఆ రోజు అరిచింది నేనేనని చెప్పాను.

"తెలుసులే. సైలెన్సర్ యాడన్నా రంపం కోస్తదా? ఆ నాయన మొగం చూసి ఊరుకున్యా. ఏడీ, రాలేదే?"

ఊరందరికీ దొంగ కబుర్లు చెప్పిన నోటితోనే, పోయాడని చెప్పాను. ఆమె కర్ర పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

నేను గుంట అంచుకు నడిచి, బావ నిలబడ్డ చోటే మంద వైపు తిరిగి నిలబడ్డాను. మడమల వెనక నేల లేదు. కాలి కింద నుంచి ఒక పలకముక్క జారింది. అది నీళ్లలో పడ్డ చప్పుడు వినబడడానికి చాలాసేపు పట్టింది.