చివరి సీను చూడని సంత

మా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే నాకు వారానికోసారి, సరిగ్గా సంత రోజే చలిజ్వరం వచ్చేది... కంగారు పడకండి, నాటకంలో.

బస్తర్‌లో గొల్లపల్లి దాటి ఇంకా లోపలికి పోతే మా ఊరు. ఇప్పపూల పని అయిపోయి, తునికాకు కోత ఇంకా మొదలుకాని ఆ కొన్ని వారాలు మా ఊరి సంతలో నాటకాల కాలం. మా బడిలో చెప్పే ఎర్రయ్య గురూజీ దానికి సర్వాధికారి. సమాజాన్ని మార్చి తీరాలని ఆయన పట్టుదల... సమాజం మాత్రం పల్లీలు తింటూ చూసేది. సారా మీద ఒక నాటకం, పిల్లల్ని మిరప కోతలకు పంపొద్దని ఒకటి. దోమతెరలతో చేపలు పట్టకూడదని కూడా ఆడాం... ఆ రోజు స్టేజీకి కట్టిన తెర, మీరనుకున్నదే, దోమతెరలు కలిపి కుట్టింది.

అన్నిటికంటే పేరొచ్చింది మంత్రగత్తె నాటకానికి. కథ చిన్నదే. ఒక పిల్లకు జ్వరమొస్తుంది. ఊరంతా ఒక ఒంటరి ఆడమనిషి మీద పడి, నువ్వే చేతబడి చేశావని కొట్టి తరిమేస్తుంది. చివరి సీనులో మితానిన్ వస్తుంది... ఊరి ఆరోగ్య కార్యకర్తను మా దగ్గర అలాగే పిలుస్తాం. పిల్ల వేలు గుచ్చి రక్తం చూసి, ఇది మలేరియా అంటుంది. మందులు పడతాయి. పిల్ల లేచి నిలబడుతుంది. ఊరు తల దించుకుని ఆమెను వెనక్కి పిలుచుకుంటుంది.

ఆ పిల్లను నేనే. నా నటన గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, నా వణుకు చూసి ఒకసారి పక్కన పడుకున్న కుక్క కూడా లేచి దూరం జరిగింది.

మంత్రగత్తె వేషానికి మాత్రం ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి సంతలో ఎండుచేపలమ్మే నాగమ్మత్త, వేషమే కదా, నేనేస్తా పో అంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నోరు మాత్రం సంతంత. ప్రతి నాటకానికి ముందు నాకొక చేప కాల్చి పెట్టేది... జ్వరమొచ్చే పిల్ల బలంగా ఉండాలట.

ఆమెను తరిమే సీను వచ్చేసరికి జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. తెర వెనక గురూజీ మురిసిపోయేవాడు.

సరిగ్గా ఇక్కడే మేమంతా కలిసి ఒక మహా పొరపాటు చేశాం. సంతకొచ్చేది ఎక్కువగా లోపలి ఊళ్ల వాళ్లు. అడవిలో నడిచి ఇల్లు చేరాలి. పొద్దు వాలిందంటే గంపలు నెత్తికెత్తుకుని లేచిపోతారు. మా నాటకమేమో ఎండ తగ్గాక మొదలయ్యేది. నాగమ్మత్తను తరిమేసరికి పొద్దు వాలేది... మితానిన్ వచ్చేసరికి మా ముందు మిగిలేది మా ఊరి పిల్లలు, పల్లీల పొట్టు. వారం వారం నేను ఎంతో అందంగా లేచి నిలబడ్డాను. చూసిన నాథుడు లేడు.

ఒక సంతలో లోపలి ఊరి అవ్వ ఒకామె నన్ను చూసి ఆగింది. బతికినవా బిడ్డా అంటూ నుదురు తడిమి, చేతిలో చింతపండు ముద్ద పెట్టింది. నాగమ్మత్త గంప వైపు కళ్లతోనే చూపించి, ఆమె దగ్గరికి పోకు అంది. అది ఆట అవ్వా, నిజం కాదు అన్నాను.

"ఆటనే బిడ్డా. మరి ఇంతమందిల ఆ వేషం ఆమెకే ఎందుకిచ్చిన్రు?"

నేను నాగమ్మత్త గంప వైపు తిరిగాను.

అప్పుడు చూశాను. జనం నాగమ్మత్త గంప ముందుకొచ్చేసరికి పక్కకు తిరిగి, చుట్టూ పోతున్నారు. పొద్దున నిండుగా వచ్చిన గంప సాయంత్రం నిండుగానే పోతోంది.

విషయం గురూజీకి చెప్పాం. చదువుకున్న మనిషి కదా, వెంటనే ఉపాయం కనిపెట్టాడు... చివరి సీను ముందే ఆడేద్దాం అని. ఆడాం. అసలు పడుకోని పిల్ల లేచి నిలబడితే ఎవరికి కావాలి? జనం కోడిపందేలకు పోయారు. పందేలు ముగిసి తిరిగొచ్చేసరికి నాగమ్మత్తను తరుముతున్నాం. అది మాత్రం కదలకుండా చూశారు.

ఆ వారమే ఒక లోపలి ఊళ్లో నిజంగానే ఒక పిల్ల జ్వరంతో పోయింది.

తర్వాతి సంతకు ఆ ఊరి నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చి, ఎండుచేపలామె ఇల్లెక్కడ అని అడిగారు. చేతుల్లో ఏమీ లేవు. గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా అడిగి వెళ్లిపోయారు... ఆ మర్యాదకే మా అమ్మ నన్ను ఇంట్లోకి లాక్కుపోయింది.

ఊరూరా తిరిగి మొత్తం నాటకం ఆడి చూపిస్తానన్నాడు గురూజీ. నాగమ్మత్త గంప సర్దుకుంటూ, ఆయన వైపు చూడకుండానే చెప్పింది.

"వద్దు గురూజీ. మీరు ఎంత మంచిగ ఆడితే నేను అంత మంత్రగత్తెనైతున్న."

మర్నాడు పొద్దున భద్రాచలం వైపు పోయే జీపెక్కింది. అక్కడ చెల్లెలుందట. పోతూ పోతూ ఆకులో చుట్టి ఎండుచేపలు నా చేతిలో పెట్టింది... నాటకం లేని రోజున. మళ్లీ రాలేదు. నాటకాలూ ఆగిపోయాయి. జ్వరాలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

ఇప్పుడు మా ఊరి దాకా తారు రోడ్డుంది, కరెంటుంది, టవరుంది. చీకటి పడుతుందని ఎవరూ పరిగెత్తక్కర్లేదు. అయినా మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో ముక్క పెట్టారు... ఎక్కడో ఎవరో ఒకామెను జనం తరుముతున్నారు. తర్వాత ఏమైంది అని అడిగాను. ఎవరికీ తెలియదు. అందరూ ఇంకొకరికి పంపేశారు కూడా.

మీ ఊళ్లోనూ నాటకాలు ఆడేవాళ్లా? మీరు చివరిదాకా కూర్చునేవాళ్లా? కూర్చుని ఉంటే కింద ఒక మాట రాయండి... నేను లేచి నిలబడటం చూసినవాళ్ల కోసం ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను.