అంగడి బల్ల మీద బాగా పనిచేసిన పెట్టె

బచ్చప్ప చేసిన చివరి మామూలు పని, పాలు పిండాక ఆవు మూతికి అంటిన రాగిపిండిని తన తువాలుతో తుడవడం. ఆ తువాలే దులిపి భుజాన వేసుకుని మల్బరీ తోటలోకి నడిచాడు. గడపలో నిలబడి భార్య పుష్పావతి ఫోనులో మోటారు బొత్తాం నొక్కింది. బోరు నీళ్లు పోయలేదు. ఆయనే చూస్తాడులే అనుకుని సంగటి కెలకడానికి లోపలికి పోయింది.

కొంతసేపటికి తోటలోంచి కేక వినిపించింది.

"మేయ్ పుష్పా! వైరు అతుకు కాలిపోయి ఉండాది. ఆఫ్ చెయ్యి!"

ఆమె ఆఫ్ నొక్కింది. ఫోనులో బొత్తాం ఎర్రగా మారింది.

"అయింది!" అని అరిచింది.

సంగటికి పిలవబోయినప్పుడు బోరు పక్కన మనిషి పడి ఉన్నాడు. అతుకు మీద చుట్టిన టేపు సగం ఊడి ఉంది. షెడ్డులోని స్టార్టరు పెట్టె మాత్రం, నాకేం తెలియదన్నట్టు, ఎర్ర దీపం వెలిగించుకుని ఆఫ్‌లో ఉంది.

పోలీసులు ప్రమాదమని రాసుకుని పోయారు. పెట్టె బిగించిన మూర్తి వచ్చి ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఆన్ కూడా నొక్కినట్లు ఉండాదే. అక్క కంగారులో ఏదో నొక్కేసినట్లు ఉండాది పాపం" అన్నాడు. ఆ 'పాపం' ఊరంతా తిరిగింది. పక్కనున్న లక్కూరు సంతలో కూడా వినిపించింది. ఇంట్లో అత్త మునిలక్ష్మమ్మ అయితే దాచుకోలేదు.

"పొద్దస్తమానం ఆ ఫోను గోకుతా ఉంటివి. గోకి గోకి నా కొడుకును తినేస్తివి" అంది.

తానేం నొక్కిందో పుష్పావతికి తెలుసు. పొద్దున ఆన్, తరువాత ఆఫ్. ఆఫ్ తరువాత ఫోను ముట్టనే లేదు. కానీ రోజుకు పదిమంది నువ్వే అంటుంటే తన వేలి మీద తనకే అనుమానం పుడుతుంది. ఆ అనుమానం పుట్టించినందుకే ఆమెకు ఒళ్లు మండింది.

బచ్చప్ప కరెంటు తెలియని మనిషి కాడు. కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల లైను ఇళ్లలో పుట్టాడు. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగిన తండ్రి శ్రీరామప్ప కొడుక్కి నేర్పిన పద్ధతి ఒకటి ఉంది: యంత్రంలో చెయ్యి పెట్టేవాడు ఫీజు పీకి తన దగ్గరే పెట్టుకోవాలి, ఎవరి మాటా నమ్మకూడదు. గని మూతపడ్డాక బచ్చప్ప పొద్దుటి రైలెక్కి బెంగళూరులో వైరింగ్ పనులకు తిరిగాడు. అక్కడా అదే పద్ధతి. పెళ్లయ్యాక భార్యకు వచ్చిన భూమి చేసుకుంటూ లక్కూరు దగ్గర స్థిరపడ్డాడు. మోటారు ముట్టాలంటే పింగాణీ ఫీజులు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ బరువుకు జేబులు చినిగేవి. "పింగాణీ అంగడి పెట్టినావా జేబులో?" అని పుష్పావతి తిడుతూ కుట్టేది.

మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక తోటకు పదే పదే తిరిగే బాధ తప్పుతుందని ఫోనుతో నడిచే ఆ పెట్టె కొన్నారు. మూర్తి దాన్ని బిగించి, ఫీజుల మూత మీద కంపెనీ సీలు అంటించాడు.

"ఫీజు పీకకుండా వైరు ఎట్ల ముట్టేదప్పా?" అని బచ్చప్ప అడిగాడు.

"సీలు చింపితే వారంటీ పోతాదన్నా. ఇది స్మార్టు. ఫోనులో ఎర్రగయిందంటే కరెంటు సచ్చిపోయినట్లే."

బచ్చప్ప నవ్వాడు. సీలు చింపలేదు. కంపెనీ వాళ్లు చూసే అమ్ముతారు కదా అనుకున్నాడు.

కర్మాంతరాలు అయ్యాక పుష్పావతి పెట్టెను ఊడదీయించి, గోనెసంచిలో పెట్టుకుని, కోలారు బస్సెక్కి, ఆ ఊరి పక్కన తమక అనే చోట ఉన్న కంపెనీ అంగడికి పోయింది. అక్కడి ఇంజనీరు పురుషోత్తమ్ మర్యాదస్తుడే. పెట్టెను బల్ల మీద పెట్టి, ఒక బల్బు తగిలించి, ఫోను నొక్కాడు. వెలిగింది. నొక్కాడు. ఆరింది.

"చూడండమ్మా. ఎన్నోసార్లు టెస్ట్ చేసే బయటికి పంపుతాము. పెట్టెలో తప్పు లేదు."

"యాడ టెస్ట్ చేసినారప్పా?"

"మా ఆఫీసులో."

"మీ ఆఫీసులో ఇంతింత రాతి గుండ్లు ఉండాయా? గుండ్ల నడుమ రేకుల షెడ్డు ఉండాదా? సిగ్నలు వస్తా పోతా ఉంటాదా? నా మొగుడు ఈ బల్ల మీద సచ్చిపోయినాడా?"

"అమ్మా, నెమ్మదిగా..."

"యాడ సచ్చిపోయినాడో ఆడ టెస్ట్ చెయ్యి. నువ్వు లేచేదాకా నేనిక్కడే కూర్చుంటాను."

ఆమె అంగడి మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. వచ్చిన ప్రతివాడికీ ఎందుకు కూర్చుందో చెప్పింది. సాయంత్రానికి పురుషోత్తమ్ రేపు వస్తానన్నాడు.

మరునాడు పెట్టెను మళ్లీ షెడ్డులో బిగించి, మోటారు వైర్లకు బదులు బల్బు తగిలించారు. చుట్టుపక్కల తోటలవాళ్లు వచ్చారు. మునిలక్ష్మమ్మ కూడా వచ్చి గుండు నీడలో కూర్చుంది. పెట్టె మీది సిగ్నలు దీపం ఆరిపోయేదాకా పుష్పావతి ఆగింది. అప్పుడు ఫోనుకు సిగ్నలందే ఇంటి గడపలోకి పోయి ఆన్ నొక్కింది. బల్బు వెలగలేదు. కాసేపు ఆగి ఆఫ్ నొక్కింది. ఫోను ఎర్రగా మారింది. దాన్ని తెచ్చి పురుషోత్తమ్ చేతిలో పెట్టింది.

"ఆఫ్‌లోనే ఉంది కదమ్మా. ఇక పోదామా?" అన్నాడతను.

"సుమ్నే గమ్మున కూర్చో."

ఎవరో టీ తెచ్చిచ్చారు. అతను గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడో లేదో, పెట్టె మీద సిగ్నలు దీపం మినుకుమంది. టక్కున చప్పుడైంది. బల్బు భగ్గున వెలిగింది. అందరూ దాన్ని చూస్తుండగానే మళ్లీ టక్కుమంది, ఆరిపోయింది. ఎర్ర దీపం వెలిగించుకుని పెట్టె ఆఫ్‌లో నిలబడింది, ఆనాటి లాగే.

ఎవరూ బొత్తాం ముట్టలేదు. ఫోను పురుషోత్తమ్ చేతిలోనే ఉంది.

అతను ఫోను ఎత్తి మరోసారి చూశాడు. తరువాత నేల చూస్తూ చెప్పాడు. పెట్టెకు సిగ్నలు లేనప్పుడు నొక్కినవన్నీ కంపెనీ కంప్యూటరులో ఆగి ఉంటాయట. సిగ్నలు రాగానే మొదట పాత ఆన్, దాని వెనకే ఆఫ్ పెట్టెకు చేరతాయట. పెట్టె విన్నదో లేదో అడగకుండానే ఫోను ఎర్రగా మారుతుందట.

"సిగ్నలు పోయి వచ్చేది మేము టెస్ట్ చెయ్యలేదమ్మా. వెలిగింది క్షణమే కదా, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తాము."

"క్షణమేనా? ఆ బల్బు పీకి ఆడ నీ చెయ్యి పెట్టి, మళ్లీ చెప్పప్పా ఆ మాట."

మునిలక్ష్మమ్మ లేచింది. ఇంజనీరు చేతిలోని గ్లాసు లాక్కుని, మిగిలిన టీ అతని బూట్ల ముందు పారబోసింది.

జనం విడిపోతుండగా పక్క తోట మునివెంకటమ్మ వెనకబడింది. వాళ్లకూ అదే కంపెనీ పెట్టె, బచ్చప్ప కంటే ముందే కొన్నారు. పుష్పావతి చెయ్యి పట్టుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు నసిగింది.

"మీ ఆయన పోకముందు, మామిడి పూత నాడు మా మోటారు కూడా ఒగసారి దానంతట అదే ఆడి నిలిచిపోయిందమ్మా. మా కోడలు నొక్కిందనుకొని దాన్ని నాలుగు తిట్టి, ఇంట్లో మాట బయటికెందుకని గమ్మునుండిపోతిమి."