బావకి ఇంగ్లీషు మాట

మా బావ ఓడ నిచ్చెన మీద గుండె ఆగి పోయాడు. చేతిలో ఉన్న ఫోను ఓడకీ జెట్టీకీ మధ్య నీళ్లలో పడింది. బావని ఆస్పత్రి దాకా తీసుకెళ్లారు. ఫోనుకి ఆ మర్యాద కూడా దక్కలేదు.

బావంటే మా అక్క భర్త. మేనత్త కొడుకే కాబట్టి, నాకూ అక్కకీ పుట్టినప్పటి నుంచీ బావే. పోర్టు గేటు దగ్గర చిన్న కొట్టు ఉండేది. విదేశీ ఓడల్లో పనిచేసేవాళ్లు సబ్బులూ, షాంపూలూ, నూడుల్సూ కావాలని మెసేజ్ పెడితే పాసు మీద లోపలికెళ్లి ఇచ్చొచ్చేవాడు. వాళ్ల దగ్గర రూపాయలుండవు. ఫోనులోంచి ఫోనుకి క్రిప్టో పంపేవారు. మధ్యలో బ్యాంకు లేదు, ఆ డబ్బుండే వాలెట్ యాప్ తాళం బావదే. తాళమంటే పన్నెండు ఇంగ్లీషు మాటలు, వరస తప్పకుండా. ఫోను పోయినా ఆ మాటలుంటే ఇంకో ఫోనులో డబ్బు కనిపిస్తుంది. మాటలు పోతే డబ్బు ఎక్కడికీ పోదు, మనది మాత్రం కాదు. కామర్స్ చదివిన నాకు బ్యాంకింగ్ గురించి ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.

కాయితం మీద రాయడానికి బావ ఒప్పుకోలేదు. అక్కకి నోటితో నేర్పాడు. అక్కకి ఇంగ్లీషుతో పెద్దగా పరిచయం లేదు కాబట్టి తెలుగు అర్థాలతో నేర్పాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క కొట్టు షట్టరు సగం ఎత్తి నన్ను కూర్చోబెట్టింది. సరుకు తెచ్చే డబ్బంతా ఆ వాలెట్‌లోనే ఉందనీ, అది తెరుచుకోకపోతే కొట్టు మూసేయడమేననీ, రేషన్ కార్డులో అడ్రసు మార్చాలన్నంత మామూలుగా చెప్పింది. ఇద్దరికీ ఇంకా ఏడుపు రాలేదు. వస్తుందన్నారు, చూస్తున్నాం.

ఉప్పు, అద్దం, గొడుగు, ఉల్లిపాయ. అక్క చెబుతోంది, నేను అక్క ఫోనులో ఇంగ్లీషులో కొడుతున్నాను. పడవ దగ్గర ఓడేమో అని అడిగితే అక్క చూసిన చూపుకి బోట్ అని కొట్టేశాను. చివరి మాట దగ్గర ఆగాం.

“బావ,” అంది.

“ఏ బావ?”

“బావంటే బావేరా. అదే మాట.”

ఇంగ్లీషులో బావ లేడు. మనకి మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే, చిల్లర లేదనే కండక్టరూ బావే. ఆ మాట లేకుండా వైజాగ్‌లో ఆటో కూడా ఆగదు. యాప్‌లో మాత్రం ఎవరికి వారే.

హస్బెండ్‌తో మొదలెట్టాను. తప్పని ఎర్రక్షరాల్లో వచ్చింది. బ్రదర్ తప్పు. ఫ్రెండ్ కూడా. అక్క ముఖంలో ఏమీ లేదు. నా ముఖంలోనూ ఉండి ఉండదు.

నేర్పినప్పుడు బావ ఏమన్నాడో గుర్తు తెచ్చుకోమన్నాను. అక్క చాలాసేపు నూడుల్స్ అట్టపెట్టె కేసి చూసింది.

“‘పెళ్లికి ముందు నీకు నాను ఏటవుతానే?’ అన్నాడు. బావవి అన్నాను. అదే, గుర్తెట్టుకో అన్నాడు.”

కజిన్ అని కొట్టాను. తెరుచుకుంది. డబ్బంతా ఉంది.

“మొగుడు కాదేటి?” అంది అక్క.

“ఆ మాటలు యాప్ ఇస్తుందక్కా. బావ ఎంచుకున్నవి కావు.”

“దానికేటి తెలుసు,” అంది.

కొట్టు నిలబడిందన్నాను. తలూపింది. కాసేపటికి, మాటలు ఇప్పుడు నాకూ తెలిసిపోయాయి కదా అని అడిగింది. అవునన్నాను. బావ పద్ధతి ప్రకారం మాటలు తెలిసినవాడిదే డబ్బు. ఇంకొకరు వింటే వెంటనే కొత్త వాలెట్ తీసి అందులోకి మార్చేయాలి, తమ్ముడైనా సరే. నొచ్చుకోవడానికి ప్రయత్నించాను, రాలేదు. కొత్తది ఎలా తీయాలో చూపించాను. మరి అదిచ్చే కొత్త ఇంగ్లీషు మాటలు ఎలా గుర్తుపెట్టుకుంటావని అడిగాను.

“అచ్చరాలొచ్చు కదా. ఈసారి అర్తాలొద్దు,” అంది. “నువ్వు బయట నిల్చో.”

షట్టరు కిందికి దించేసింది. లోపల ఒక్కో అక్షరం గొణుక్కోవడం వినిపించింది. కంటైనర్ లారీ వెళ్తుంటే వినపడలేదు, అది దాటగానే మళ్లీ వినపడింది. అక్కణ్నించి నడుచుకుంటూ ఆగివున్న లారీల వరస చివరిదాకా పోయాను. అక్కడ ఏమీ వినపడటం లేదని చూసుకుని నిలబడ్డాను.