మా ఆవిడ తెరవని మూత

మా ఆవిడకి అనుమానం. రోగం కాదు, స్వభావం. నా సెలూన్ మా ఇంటి ముందుగదిలోనే ఉంది. షాపు కట్టేసి గడప దాటితే ఇల్లు. ఆ గడప దాటి లోపలికి వస్తే, "ఏమయ్యా, ఇంతసేపేంటి?" అంటుంది. గడప దాటడానికి సేపేంటే అంటే, "అదేగా నేనూ అడుగుతోంది" అంటుంది. కూరగాయలు తూస్తుంటే త్రాసు కింద చెయ్యి పెట్టి తడుముతుంది. డాక్టరు మాత్రలు రాస్తే మందుల షాపులో నిలబడి, ఇవే మాత్రలు ఇంకెంతమందికి రాశాడో ఆరా తీస్తుంది. ఇలాంటి మనిషికి ఊరు ఏ పని అప్పజెప్పిందనుకున్నారు? ఇంటింటి మురుగుతొట్టి మూత తీసి లోపల ఏముందో చూసే పని! ఇక నా బతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ముందు ఆ తొట్ల సంగతి చెప్పాలి. మాది చిన్న ఊరు. పట్నంలో మాదిరి మనిషి దూరేంత గొట్టాలు వెయ్యాలంటే ఊరంతా అమ్ముకున్నా చాలదు. అందుకని ఓ ఇంజినీరమ్మాయి వచ్చి చవగ్గా అయ్యే దారి చెప్పింది. ప్రతి ఇంటి వెనకా ఓ సిమెంటు తొట్టి. చిక్కటిదంతా అందులోనే అడుక్కి దిగిపోతుంది. తేరుకున్న నీళ్ళు మాత్రం చేతిలావు గొట్టంలోంచి పల్లానికి పోతాయి. ఊరి చివర గులకరాళ్ళు పరిచి రెల్లు నాటిన మడి ఉంది. ఆ రాళ్ళ సందుల్లో కంటికి కనపడని క్రిములు మురికిని తినేస్తాయట. అవతలి గట్టున బయటికొచ్చే నీళ్ళు వాగులో కలుస్తాయి. కరెంటు లేదు, మోటారు లేదు. కందకాలు మేమే తవ్వుకున్నాం.

మా వీధి ఊరికంతటికీ పల్లం. గొట్టాలు రాకముందు ఊరందరి స్నానాలూ, అంట్లూ, చెప్పకూడనివీ మా గుమ్మం ముందు కాలవలోంచే పోయేవి. వానొస్తే పోవడం మానేసి ఇంట్లోకొచ్చేవి. గెడ్డం గీయించుకోడానికి వచ్చినవాడు ముక్కు మూసుకుని కూర్చుంటే నేనెక్కడ గియ్యను? అది నవ్వులాట అనుకోండి. మా చిన్నపిల్ల ఆ నీళ్ళ మూలంగానే విరేచనాలు పట్టుకుని మంచానికి అంటుకుపోయింది. బతుకుతుందని మేమనుకోలేదు. పిల్ల లేచి తిరిగాక మా ఆవిడ కాలవ వైపు చూస్తూ, "ఇది నా గుమ్మం ముందు ఉండకూడదు" అంది. కందకం తవ్వే రోజుల్లో మగాళ్ళకంటే ముందు పలుగు పట్టుకుని దిగింది. పనంతా అయ్యాక, మూతలెత్తే ఇనప కొక్కెం ఎవరికివ్వాలన్న మాటొస్తే అందరి వేళ్ళూ ఆమె వైపే చూపించాయి. అప్పట్నుంచి ఊళ్ళో ఆమె పేరు మూతలమ్మ.

పని మాత్రం ప్రాణం పెట్టి చేస్తుంది, ఆ మాట అనకపోతే నా నోరు పడిపోతుంది. తొట్టిలో కర్ర దించి మడ్డి ఎంత పేరుకుందో చూస్తుంది. గొట్టానికి అడ్డం పడ్డవి తీస్తుంది. ముదిరిన రెల్లు కోస్తుంది. తొట్టిలో గుడ్డపీలిక దొరికితే కర్రకి తగిలించి వీధి మధ్యలో నిలబడి, "ఎవరిదమ్మా ఈ లంగా బొందు?" అని అరుస్తుంది. రెండోసారి ఎవరూ వెయ్యరు. సిగ్గు చచ్చిపోతుంది మరి.

అలా సాఫీగా జరిగిపోతుంటే మొన్నీమధ్య మడి పాడైంది. రెల్లు పసుపు తిరిగింది. రాళ్ళ మీద తెల్లటి జిగురు కట్టింది. పులిసిన కంపు వీధి మొదటికే కొడుతోంది. కింది ఊరివాళ్ళు ఓ మందగా వచ్చి మీద పడ్డారు.

"మీ మడి నీళ్ళు తెల్లగా మా రేవు దాకా వస్తున్నాయి. ఆదివారం లోగా ఎవరివల్లో తేల్చి ఆపండి. లేకపోతే మీ గొట్టం మూతికి సిమెంటు కొట్టేస్తాం!" అన్నారు.

గొట్టం మూస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? వెనక్కి తన్ని మొదట మా ఇంట్లోకే వస్తాయి. గొట్టాల సంఘం పెద్ద మా ఊళ్ళో రేడియోలు బాగుచేసే ఆయన. నెమ్మదస్తుడే గానీ ఆ వేళ ఆయనకీ వేడెక్కింది. "ఎవరివల్లో ఆదివారం మీటింగులో చెప్పమ్మా. చెప్పలేకపోతే కొక్కెం ఇచ్చెయ్యి. మడి మూసేసి పాత కాలవే తవ్వుకుందాం" అన్నాడు. పాత కాలవ అనగానే మా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇంజినీరమ్మాయికి ఫోను చేస్తే, "పైనించి ఏదో కలుస్తోందక్కా. గొట్టాలు కలిసే చోటల్లా మూత తియ్యి. తెల్లగా ఎటునుంచి వస్తే అటు నడు" అంది. అంతే. అనుమానం మా ఆవిడకి ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడు దానికి లైసెన్సు దొరికింది.

మొదట హోటలాయన మీద పడింది. "ఏం పోస్తున్నావయ్యా తొట్టిలో?" అని టిఫిన్లు తినేవాళ్ళ ముందే నిలదీసింది. ఆయన ఒట్టేశాడు. ఒట్టేశాడంటే ఏదో ఉందంది. తీరా మూత తీస్తే అటునుంచి వచ్చే నీళ్ళు తేటగా ఉన్నాయి. పోనీ తప్పైందని ఒక్క మాటన్నా అందా? "ఇప్పటికి కాదులే" అని వచ్చేసింది. తరవాత గోడలకి సున్నాలు వేసే మేస్త్రీ. తెలుపు అంటే ఆయనే కదా! "నీ బ్రష్షులు ఎక్కడ కడుగుతున్నావ్?" అని పట్టపగలు వీధిలో కడిగేసింది. ఆయన తొట్టిలోనూ ఏమీ లేదు. వీళ్ళంతా ఎవరనుకున్నారు? నా ఖాతాదారులు! ఆమె ఎవర్ని అనుమానిస్తే వాడు నా షాపు మెట్లెక్కడం మానేశాడు. చూస్తుండగానే ఊళ్ళో గెడ్డాలు పెరిగిపోయాయి. నేను కత్తి నూరుకుంటూ కూర్చున్నాను.

మూత తరవాత మూత తీసుకుంటూ వచ్చింది. ఒక్కో వీధి తప్పుకుంటూ పోయింది. ఆఖరికి తెల్లనీళ్ళు వచ్చే దారి మా వీధిలోకే తిరిగింది. మా వీధిలో మూడిళ్ళు. ఒకటి తాళం వేసిన ఇల్లు, అందులో కుళాయి విప్పేవాడే లేడు. రెండోది మాది.

"ఏమయ్యా, నీ నురగ!" అంది.

"నా నురగా? గెడ్డానికి వేసే నురగతో మడి చచ్చిపోతుందా? నీకేమన్నా పిచ్చా?"

"తెల్లగానే ఉంటుందిగా" అని మా తొట్టి మూత తీసి కర్రతో గిలక్కొట్టింది. వెంట్రుకలు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు కూడా నన్నో చూపు చూసింది చూడండి, ఎక్కడో దాచిపెట్టానని.

మిగిలింది మూడో ఇల్లు, మా వదినది. మా ఆవిడకి స్వయానా అక్క. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది. ఒంటి మనిషి, మూడావులు. ఊళ్ళో సగం మందికి పాలు తనే పోస్తుంది. పాలల్లో నీళ్ళు కలుపుతుందని ఊరంతా చెవులు కొరుక్కుంటుంది. నాకూ ఆ అనుమానం లేకపోలేదు, పైకి అనే ధైర్యం లేదు గానీ.

"అక్కది చూడక్కర్లేదు" అంది మా ఆవిడ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా నురగని గిలక్కొట్టి చూశావు. వదిన మూతేమన్నా గాజుదా, తీస్తే పగలడానికి?"

"అక్కర్లేదన్నానా!" అని అగ్గి మీద గుగ్గిలమైంది. ఆ పూట అన్నం తినలేదు. మళ్ళీ తాళం వేసిన ఇంటి మూతే తీసి చూసింది, దుమ్ము తప్ప ఏముంటుంది అందులో? శనివారం పొద్దున్నే ఒక్క మాటైనా అనకుండా కొక్కెం పట్టుకుని వదిన పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. వదిన ఇంట్లో లేదు, క్యాను తీసుకుని ఎటో పోయింది.

మూత లేచింది. అబ్బ, ఆ కంపు! తొట్టి నిండా మీగడ. వెన్నకట్టిన పొర చాప మందాన తేలుతోంది. మా ఆవిడ చతికిలబడిపోయింది. ఆమె చూపు కొట్టం వైపు తిరిగింది. నేనూ చూశాను. ఆవుల పొదుగులు వాచి ఎర్రగా ఉన్నాయి. గూట్లో సూదిమందు బుడ్లు ఉన్నాయి. సూదులు పడే ఆవుల పాలు తాగకూడదని పశువుల డాక్టరు చెప్పడం ఊళ్ళో అందరికీ తెలిసిందే. వదిన ఆ పాలు అమ్మకుండా పారబోస్తోంది. నేల మీద పోస్తే నలుగురూ చూస్తారని, గోడ చాటున అంట్లు తోమే జాలాట్లో పోస్తోంది, అక్కణ్ణించి అవి తొట్టిలోకి దిగుతున్నాయి. పాలకి పాలు, అందులో క్రిముల్ని చంపే మందు. మడి చావక ఏం చేస్తుంది?

"వదిన రాగానే అడుగుదాం" అన్నాను.

"అడిగితే చెప్తుంది. చెప్తే రేపు నేను మీటింగులో చెప్పాలి. ఆవులకి సూదులని తెలిస్తే దాని పాలు ఎవడు కొంటాడు? నోరెత్తకు. నీ కాళ్ళు పట్టుకుంటా, నోరెత్తకు" అంది. నా కాళ్ళు పట్టుకుంటానని ఆమె అనడం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

ఆదివారం బడి గదిలో మీటింగు. కింది ఊరివాళ్ళు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. సంఘం పెద్ద, "తేలిందామ్మా?" అన్నాడు.

"తేలింది. ఆగిపోతుంది, పూచీ నాది. పేరు అడక్కండి."

సున్నాల మేస్త్రీ గెడ్డం నిమురుకుంటూ లేచాడు. "నన్ను నడివీధిలో కడిగావు. ఇప్పుడు పేరు చెప్పవా? మీ వీధిదే అయ్యుంటుంది. మీ ఇంటిదే అయ్యుంటుంది!"

ఆయన కోపం న్యాయమే, ఏమనగలం? మా ఆవిడ తల వంచుకుంది. "మా ఇంటిదే. ఈయన షాపు నురగ" అంది.

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వారు, తిట్టేవాళ్ళు తిట్టారు. సంఘం పెద్ద చెయ్యి చాపి, "అయితే కొక్కెం ఇలా ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. ఆమె బల్ల మీద పెట్టేసింది. చెయ్యి మాత్రం దాని మీదనుంచి తియ్యలేకపోయింది.

అప్పుడు వెనకనించి మా వదిన లేచింది. "దాన్నేం అనకండి. పోసింది నేను. ఆవులకి పొదుగువాపు. సూదులు వేయిస్తున్నా. ఆ పాలు పారబోశా. గొట్టానికి చేటని నాకు తెలీదు."

గదిలో ఒక్కసారిగా భగ్గుమంది. మడి మాటే ఎవరికీ గుర్తులేదు.

"మరి ఇన్నాళ్ళూ మాకు పోసినవి ఏ పాలు?" అని హోటలాయన అరిచాడు.

"పొరుగూరి పాలకేంద్రంలో కొని మోసుకొచ్చా."

"ఎవరు చూశారు? సూదిపాలే మాకు పోశావు! నీళ్ళు కలిపేదానివి, నువ్వు పాలు పారబోస్తావా?"

వదిన చుట్టూ చూసింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఆమె పక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అంతలో బల్ల మీద ఇనుము ధన్‌మని మోగింది. మా ఆవిడ కొక్కెం మళ్ళీ చేతిలోకి తీసుకుని కొట్టింది.

"నేను చూశా! మూడావులు ఇచ్చే పాలు మొత్తం ఆ తొట్టిలో మీగడ కట్టి ఉన్నాయి. లేవండి, అందర్నీ తీసుకెళ్ళి మూత తీస్తా. అన్నీ అక్కడుంటే మీకు పొయ్యడానికి ఇంకేం మిగుల్తాయి? మీ క్యాన్లలో అవే పోసుంటే నా మడి ఇలా చచ్చేదా?"

అందరూ కదిలారు. కింది ఊరివాళ్ళూ వచ్చారు. ముక్కులు మూసుకుని ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు. సున్నాల మేస్త్రీ కర్ర అడిగి తీసుకుని ఆ పొరని తిరగేశాడు. "ఇంత పాలు అమ్ముకోకుండా పారబోసే గుండె నాకైతే లేదు" అన్నాడు. సంఘం పెద్ద కొక్కెం సంగతి మళ్ళీ ఎత్తలేదు. "తొట్టి తోడించు. ఆ పాలు ఇకమీదట ఊరవతల గోతిలో" అన్నాడు. కింది ఊరివాళ్ళు మడి తేరుకునేదాకా చూస్తామన్నారు. హోటలాయన మాత్రం రేపట్నుంచి ప్యాకెట్టు పాలే అన్నాడు. ఇంకో నలుగురు తలూపారు. కళ్ళతో చూశాక కూడా!

జనం పోయాక పెరట్లో మేం ముగ్గురమే మిగిలాం. మా ఆవిడ మూత పక్కనే నిలబడి ఉంది. అప్పటిదాకా బిగపట్టుకున్న కోపం ఒక్కసారి బయటికొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదక్కా? పక్కిల్లేగా! ఒక్క మాట చెప్తే గొయ్యి నేనే తవ్విపెట్టేదాన్నిగా!"

"నీకా?" అంది వదిన. "కట్టుకున్నవాణ్ణే నమ్మవు నువ్వు. నన్ను నమ్ముతావా? ఇందాక ఊరంతా అన్నట్టు నువ్వూ, ఆ పాలే అమ్ముతున్నావా అక్కా అని అడిగితే, ఆ మాట నీ నోట వినలేకే చెప్పలేదు."

"ఊళ్ళో అన్ని మూతలూ తీశా. నీదొక్కటే ఆఖరిదాకా తియ్యలేదు. నువ్వు అలాంటిదానివి కాదని."

వదిన చెల్లెలి మొహంలోకి చూసింది. "ఆ సంగతి నాకెప్పుడన్నా చెప్పావటే?" అంది.

మా ఆవిడ తల అడ్డంగా ఊపి, అక్క భుజం మీద మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన కూడా ఏడ్చింది.